ప్రజాస్వామ్యాన్ని పైనుంచి దించవచ్చా? - అఫ్ఘానిస్తాన్ అనుభవం

1. ప్రశ్న

మతవిశ్వాసం లోతుగా పాతుకొనివున్న సమాజంలో బలప్రయోగంతో ప్రజాస్వామ్యాన్ని నెలకొల్పడం సాధ్యమా? 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల వశమయిన నాటినుంచీ ఈ ప్రశ్న మళ్ళీ చర్చకు వచ్చింది. ఇరవై ఏళ్ళపాటు ప్రపంచంలోకెల్లా బలమైన సైన్యం కాపలా కాసిన ప్రభుత్వం, ఆ సైన్యం వెళ్ళిపోవడం పూర్తికాకముందే కూలిపోయింది. దీనికి రెండు వివరణలు విస్తృతంగా ప్రచారంలోకి వచ్చాయి. ఆ ప్రజలు మతంలో మునిగివున్నారు, ప్రజాస్వామ్యం వాళ్ళకు ఒంటబట్టదు అనేది మొదటిది. సైన్యం మరికొన్నాళ్ళు ఉండివుంటే అంతా కుదుటపడేదనేది రెండవది.

పైకి ఈ రెండూ ఒకదానినొకటి ఖండించుకొనేవిగా కనిపిస్తాయి. కాని రెండింటి పునాదీ ఒకటే. ప్రజాస్వామ్యం ఎక్కడో తయారయి వచ్చే సరుకు, ప్రజలు దానిని పుచ్చుకొనేవాళ్ళు మాత్రమే అన్న భావన రెండింటిలోనూ వుంది. పుచ్చుకొనే యోగ్యత లేదని ఒకరు, ఇచ్చే ఓపిక చాలలేదని మరొకరు అంటున్నారు. ప్రజలే ప్రజాస్వామ్య నిర్మాతలు కావచ్చుననే ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ఈ చర్చ మనకెందుకు అనే మిత్రులు ఉండవచ్చు. సామ్రాజ్యవాదుల వైఫల్యాన్ని లెక్కగట్టడమే పనయితే రాజకీయ పత్రికలు చాలు. కాని అభ్యుదయ రచయితలమైన మనలో కూడా ఈ భావన వుంది. పల్లె మూఢం, పట్నం జ్ఞానం, చదువుకున్నవాడు మోసుకెళ్ళేది వెలుగు అన్న నమ్మకం మన కథల్లో, నాటకాల్లో అనేక రూపాల్లో కనిపిస్తుంది. అదీగాక, 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో ప్రవేశించినపుడు మన వామపక్షం నిట్టనిలువునా చీలి వాదించుకుంది. విప్లవాన్ని అభివృద్ధి నిరోధకుల నుంచి కాపాడే చర్య అని కొందరు, సామాజిక సామ్రాజ్యవాదపు దురాక్రమణ అని కొందరు అన్నారు. ఆ వాదోపవాదాల్లో అఫ్ఘాన్ రైతు గొంతు వినిపించినది చాలా తక్కువ. అందుచేత ఆ దేశపు నూరేళ్ళ చరిత్రను మూడు ఘట్టాలుగా తీసుకొని పరిశీలించడం అవసరం.

2. రాజుగారి సంస్కరణలు

మొదటి ఘట్టంలో విదేశీ సైన్యం లేదు. 1919లో గద్దెనెక్కిన అమానుల్లా ఖాన్ అదే సంవత్సరం బ్రిటిషువారితో యుద్ధం చేసి దేశానికి సంపూర్ణ స్వాతంత్ర్యం సాధించాడు. వలస శక్తిని ఎదిరించిన రాజుగా అతనికి ప్రజల్లో గొప్ప ప్రతిష్ఠ వుండేది. మతపెద్దలు కూడా ఆ యుద్ధంలో అతనివైపే నిలిచారు. అతని మామ మహమూద్ తర్జీ పత్రికా సంపాదకుడు, రచయిత. తర్జీ 1911 నుంచి 1918 వరకూ నడిపిన 'సిరాజుల్ అఖ్బార్' పత్రిక ఆ దేశంలో ఆధునిక భావాలకు తొలి వేదిక.

1923లో అమానుల్లా దేశానికి మొదటి రాజ్యాంగం ఇచ్చాడు. బాల్యవివాహాల మీద, పెళ్ళి ఖర్చుల మీద ఆంక్షలు పెట్టాడు. బాలికల పాఠశాలలు తెరిచాడు. 1924లో ఖోస్త్ ప్రాంతంలో తిరుగుబాటు లేచింది. దాన్ని అణచివేశాడు గాని, అది చెప్పిన సంగతిని పట్టించుకోలేదు. 1927, 28లలో యూరప్ పర్యటించి వచ్చాక సంస్కరణల వేగాన్ని ఇంకా పెంచాడు. పగ్మాన్‌లో పెద్దల మహాసభను సమావేశపరచి, ప్రతినిధుల చేత యూరోపియన్ దుస్తులు తొడిగించాడు. రాణి సొరయా బహిరంగంగా ముసుగు తొలగించింది. 1928 నవంబరులో తూర్పున షిన్వారీ తెగ తిరగబడింది. 1929 జనవరిలో ఉత్తరాన్నుంచి హబీబుల్లా కలకానీ దండెత్తి వచ్చి కాబూల్‌ను ఆక్రమించుకున్నాడు. అమానుల్లా దేశం విడిచి వెళ్ళిపోయాడు.

ముసుగు తీయించినందుకే గద్దె పోయిందని చాలామంది చరిత్ర చెబుతారు. అది సగం మాత్రమే నిజం. పాఠశాలలకు, భవనాలకు, పర్యటనలకు డబ్బు ఎక్కడిది? రైతుల మీద పన్నుల భారం పెరిగింది. పన్నును ధాన్యరూపంలో కాక నగదులో కట్టమనేసరికి రైతు వడ్డీ వ్యాపారి చేతికి చిక్కాడు. నిర్బంధ సైనిక సేవ ఇంటిలోని కష్టపడే చేతిని లాక్కుపోయింది. వసూలు చేసే ఉద్యోగి లంచం అదనం. ఇన్ని బాధలు పడుతున్న రైతుకు మతపెద్ద వచ్చి, నీ కష్టానికి కారణం రాజు మతం తప్పడమేనని చెప్పినపుడు, రైతు ఆ మాట నమ్మాడు. బాధ పన్నుది. దానికి దొరికిన భాష మతానిది. ఆ బాధను వేరే భాషలో చెప్పగల సంస్థ గాని, సంఘం గాని, మనిషి గాని ఆ గ్రామంలో లేకపోయాయి. తర్జీ పత్రిక ఆ గ్రామానికి చేరలేదు. చేరినా చదివేవాడు లేడు.

3. డిక్రీల విప్లవం

రెండవ ఘట్టం మనకు మరింత ఇబ్బంది కలిగించేది. 1965లో స్థాపితమైన ప్రజాతంత్ర పార్టీ 1978 ఏప్రిల్ 27న సైనికాధికారుల సాయంతో అధికారానికి వచ్చింది. తరకీ, అమీన్ వంటి నాయకులు ఉపాధ్యాయవృత్తి నుంచి, విద్యార్థి జీవితం నుంచి, కాబూల్ మధ్యతరగతి నుంచి వచ్చినవాళ్ళు. తరకీ స్వయంగా కథా రచయిత. వాళ్ళు తలపెట్టిన పనుల జాబితా చూస్తే ఏ అభ్యుదయవాదీ తప్పుపట్టలేడు. 1978 జూలైలో వెలువడిన ఆరవ డిక్రీ చిన్న రైతుల తాకట్లను, అప్పులను రద్దు చేసింది లేదా తగ్గించింది. అక్టోబరులో వచ్చిన ఏడవ డిక్రీ పెళ్ళికి కనీస వయస్సును ఆడపిల్లకు 16, మగపిల్లవాడికి 18గా నిర్ణయించింది. బలవంతపు పెళ్ళిళ్ళను నిషేధించింది. వరుడు ఇచ్చే సొమ్మును 300 అఫ్ఘానీలకు పరిమితం చేసింది. ఎనిమిదవ డిక్రీ భూపరిమితిని మొదటి తరగతి భూమి 30 జెరీబులుగా, అంటే సుమారు 6 హెక్టార్లుగా ప్రకటించింది.

ఇన్ని మంచి పనులు చేసిన ప్రభుత్వం మీద రైతు ఎందుకు తిరగబడ్డాడు? దీనికి జవాబు డిక్రీ కాగితంలో దొరకదు, గ్రామంలో దొరుకుతుంది.

అఫ్ఘాన్ వ్యవసాయంలో పంటను అయిదు వంతులుగా లెక్కగట్టే ఆచారం వుంది. భూమికి ఒక వంతు, నీటికి ఒకటి, విత్తనానికి ఒకటి, ఎద్దులకు ఒకటి, చాకిరీకి ఒకటి. ఏమీ లేని కౌలుదారుకు దక్కేది ఆ చివరి వంతు. మిగతా నాలుగూ సాధారణంగా భూస్వామివే. ఇది దారుణమైన దోపిడీ, సందేహం లేదు. కాని డిక్రీ కౌలుదారు చేతికి భూమి పట్టా మాత్రమే ఇచ్చింది. నీరు, విత్తనం, ఎద్దులు ఎవరిస్తారు? అప్పు రద్దయింది, మంచిదే. వచ్చే ఏడు విత్తడానికి కొత్త అప్పు ఎవరిస్తారు? వడ్డీ వ్యాపారి తలుపు మూశాడు. ప్రభుత్వ పరపతి సంస్థ గ్రామానికి రానేలేదు. పట్టా అందుకున్న రైతు మునుపటికంటె నిస్సహాయుడయ్యాడు. పైగా భూస్వామి అతనికి పరాయివాడు కాడు. అదే తెగవాడు, ఒకే మసీదులో పక్కన నిలబడి నమాజు చేసేవాడు, పక్క ఊరితో తగాదా వస్తే ముందు నిలిచేవాడు. ఈ బంధం దోపిడీని కప్పిపుచ్చే బంధమే. అయినా అది కనిపించే బంధం. దాని స్థానంలో నిలబడడానికి రైతుకు తన సంఘం ఒకటి కావాలి. ఆ సంఘాన్ని కట్టే పనిని విప్లవానికి ముందు ఎవరూ చేయలేదు, తర్వాత చేసే ఓపిక పార్టీకి లేకపోయింది.

వివాహ డిక్రీ సంగతి మన తెలుగు పాఠకులకు సులభంగా అర్థమవుతుంది. ఎందుకంటే కన్యాశుల్కం మనం ఎరిగినదే. అఫ్ఘాన్ సమాజంలో రెండు వేరువేరు చెల్లింపులు వున్నాయి. మెహర్ అనేది ఇస్లామిక న్యాయం ప్రకారం పెళ్ళికూతురికే చెందేది, కష్టకాలంలో ఆమెకు ఆధారం. వల్వర్ అనేది పిల్ల తండ్రికి ముట్టే సొమ్ము, తెగల ఆచారం. ఈ రెండవది మత విరుద్ధమని మతపెద్దల్లోనే చాలామంది ఏనాటి నుంచో అంటూ వచ్చారు. అంటే సంస్కర్తలకు మతం లోపలే ఒక బలమైన వాదం సిద్ధంగా వుంది. ఆడపిల్లను అమ్ముకోవడం మీ ధర్మానికే విరుద్ధమని చెప్పగలిగే వీలుండి కూడా వాళ్ళు ఆ మాట ఎత్తుకోలేదు. పైపెచ్చు డిక్రీ పరిమితి విధించింది మెహర్ మీద. తండ్రి రాబడిని ఆపబోయి స్త్రీ ఆధారానికి ఎసరు పెట్టినట్టయింది. కొడుకు పెళ్ళికి అప్పుచేసి సొమ్ము చెల్లించిన కుటుంబం, కూతురి పెళ్ళికి వచ్చే సొమ్ముతో ఆ అప్పు తీర్చుకోవాలని చూసుకుంటుంది. గొలుసులో ఒక కొక్కెం మాత్రమే తెంచితే ఆ కుటుంబం మునిగిపోతుంది. ఇది మూఢత్వం కాదు, లెక్క.

మన అనుభవం గుర్తు చేసుకుందాం. విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాలు 1,034 అని విజయనగరం మహారాజా లెక్క తీయించారు. ఆ సంఖ్యను గురజాడ 1897 నాటి తొలికూర్పు పీఠికలో పేర్కొన్నారు. చట్టం చేయించాలన్న మహారాజా ప్రయత్నం ఫలించలేదు. 1892లో నాటకం రంగస్థలం మీదికి వచ్చింది. ప్రజలు మాట్లాడే భాషలో, వాళ్ళకు తెలిసిన మనుషుల చేత, వాళ్ళ నవ్వుతోనే వాళ్ళ దురాచారాన్ని చూపించింది. అయినా ఒక్క నాటకంతోనే కన్యాశుల్కం అంతరించిందని మనం చెప్పుకోలేం. ఆర్థిక సంబంధాలు మారి, దాని స్థానంలో వరకట్నం వచ్చి కూర్చుంది. ఆచారాన్ని పోషించే ఆర్థిక పునాది అలాగే వుంటే, చట్టంతో తొలగించినా అది వేరే వేషంలో తిరిగి వస్తుంది. ఈ సత్యాన్ని కాబూల్ విప్లవకారులు గాని, మన సంస్కర్తలు గాని తప్పించుకోలేకపోయారు.

ఆ తర్వాత జరిగింది తెలిసినదే. అక్షరాస్యతా తరగతులకు స్త్రీలను, వృద్ధులను బలవంతంగా రప్పించారు. వ్యతిరేకించినవాళ్ళను పులేచర్ఖీ జైలుకు పంపారు. 1978, 79 సంవత్సరాల్లో చంపబడిన సుమారు 5,000 మంది జాబితా 2013లో నెదర్లాండ్స్ అధికారుల ద్వారా వెలుగులోకి వచ్చింది. హతుల్లో మతపెద్దలే కాక ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఇతర వామపక్షీయులు కూడా వున్నారు. 1979 మార్చిలో హెరాత్‌లో సైనికులే ప్రజలతో కలిసి తిరగబడ్డారు. డిసెంబరులో సోవియట్ సేనలు వచ్చాయి. దానితో అంతవరకూ చెదురుమదురుగా వున్న అసంతృప్తి అంతా ఒక్కటయింది. భూస్వామి, ముల్లా, కౌలుదారు ఒకే పక్షాన చేరారు. వర్గవైరుధ్యాన్ని పదును పెట్టవలసిన విప్లవం దానిని మూసిపెట్టింది. 1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ సైనికుడు వెళ్ళేనాటికి 50 లక్షలకు పైగా ప్రజలు పాకిస్తాన్, ఇరాన్‌లకు శరణార్థులుగా వెళ్ళిపోయారు.

ఈ ఘట్టంలో అమెరికా పాత్రను విస్మరించరాదు. 1979 జూలైలోనే, అంటే సోవియట్ సేనల రాకకు ముందే, తిరుగుబాటుదారులకు రహస్య సాయం చేయడానికి కార్టర్ ఆమోదముద్ర వేశాడు. ఆ తర్వాత డబ్బు, ఆయుధాలు వరదగా వచ్చాయి. అందులో అధికభాగం పాకిస్తాన్ గూఢచారి సంస్థ ద్వారా అత్యంత ఛాందస ముఠాలకే చేరింది. సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. 1980లలో అమెరికా ప్రభుత్వ ధనంతో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం శరణార్థి పిల్లలకు తయారుచేయించిన వాచకాల్లో అక్షరాలు జిహాద్‌తో, తుపాకితో నేర్పారు. లెక్కలు తూటాలతో నేర్పారు. ఇపుడు ఏ మతోన్మాదాన్ని ఆ సమాజపు సహజ లక్షణమని చెబుతున్నారో, దాని పెద్దబాలశిక్ష అమెరికాలో తయారయింది.

4. విమానాల్లో వచ్చిన ప్రజాస్వామ్యం

మూడవ ఘట్టం 2001 అక్టోబరు 7న బాంబులతో మొదలయింది. తాలిబన్ పాలన కొద్ది వారాల్లో కూలింది. డిసెంబరులో జర్మనీలోని బాన్ నగరంలో కొత్త ప్రభుత్వం ఏర్పాటు కుదిరింది. అమెరికాకు నేలమీద సైన్యం కావలసి వచ్చింది. 1992 తర్వాత కాబూల్‌ను ధ్వంసం చేసిన ముఠా నాయకులే ఆ సైన్యమయ్యారు. మంత్రులు, గవర్నర్లు కూడా వాళ్ళే అయ్యారు. 2003 డిసెంబరులో రాజ్యాంగ మహాసభలో ఫరా రాష్ట్రానికి చెందిన మలాలై జోయా అనే యువతి లేచి, ఈ హంతకులను విచారించవలసింది పోయి సభాపీఠం మీద కూర్చోబెట్టారేమని అడిగింది. సభ ఆమెను బయటికి పంపింది. 2005లో ప్రజలు ఆమెను పార్లమెంటుకు ఎన్నుకున్నారు. 2007లో పార్లమెంటు ఆమెను బహిష్కరించింది. పార్లమెంటు ప్రజల్ని బహిష్కరించడమంటే ఇదే.

రాజ్యాంగం కాగితం మీద ఉదారంగానే వుంది. దిగువ సభలోని 249 స్థానాల్లో 68 స్త్రీలకు కేటాయించింది. కాని అధికారమంతా అధ్యక్షుడి చేతిలో పెట్టింది. రాష్ట్రాల గవర్నర్లను ప్రజలు ఎన్నుకొనేవారు కాదు, అధ్యక్షుడు నియమించేవాడు. రాజ్యాంగమే హామీ ఇచ్చిన జిల్లా మండళ్ళ ఎన్నికలు ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా జరగలేదు. అంటే రైతుకు నిత్యం తగిలే అధికారి మీద అతనికి ఏ అదుపూ లేదు. ఈ దేశంలో కాలువ నీటిని పంచే మీరాబ్‌ను రైతులే కూడి ఎంచుకొనే ఆచారం వుంది. నీటికి సంబంధించినంతవరకూ తమ పెద్దను తాము ఎంచుకోవడం తెలిసిన రైతుకు, జిల్లాలో ఆ హక్కు ఇవ్వడానికి ప్రజాస్వామ్య దాతలు భయపడ్డారు. మీరాబ్‌ను ఎంచుకోవడంలో గాని, జిర్గాలో గాని స్త్రీలకు చోటు లేదు, బలిసినవాళ్ళదే పైచేయి అన్నమాట నిజమే. అయితే పునాది వేయడానికి నేల అదే.

ప్రభుత్వ వ్యయంలో సుమారు మూడు వంతులు విదేశీ సాయం మీద నడిచింది. పన్ను కట్టే ప్రజలకు ప్రభుత్వం జవాబు చెప్పవలసి వుంటుంది. డబ్బు వాషింగ్టన్ నుంచి వచ్చే ప్రభుత్వం వాషింగ్టన్‌కే జవాబు చెబుతుంది. అమెరికా పునర్నిర్మాణం పేర ఖర్చు పెట్టినది దాదాపు 14,500 కోట్ల డాలర్లు. అందులో పెద్దభాగం సైన్యం, పోలీసుల పేర ఖర్చయింది, చాలా సొమ్ము కాంట్రాక్టర్ల చేతుల్లో కరిగిపోయింది. 2010లో కాబూల్ బ్యాంకు కుప్పకూలినపుడు సుమారు 90 కోట్ల డాలర్ల మోసం బయటపడింది. పల్లెలో భూమి తగాదా వస్తే కోర్టులో లంచం లేనిదే పని జరగలేదు. తాలిబన్ల సంచార న్యాయస్థానం కఠినమైనదే, అన్యాయమైనదే, కాని త్వరగా తేల్చేది. రైతు అటు వెళ్ళాడు. అతనిని అటు నడిపించింది మతావేశం కన్నా ఇటు తలుపు మూసివుండడమే.

ఎన్నికల చరిత్ర చూడండి. 2004లో 80 లక్షలకు పైగా ప్రజలు ఓటు వేశారు. ఎన్నో చోట్ల ప్రాణభయాన్ని లెక్కచేయక క్యూలలో నిలబడ్డారు. ఇదే మతం, ఇవే తెగలు. 2009లో పది లక్షలకు పైగా ఓట్లు దొంగ ఓట్లని రద్దయ్యాయి. అయినా రెండవ విడత పోలింగు లేకుండానే కర్జాయ్ అధ్యక్షుడయ్యాడు. 2014లో ఎవరు గెలిచారో ఓట్లు తేల్చలేదు, అమెరికా విదేశాంగమంత్రి వచ్చి ఇద్దరి మధ్య పదవులు పంచి వెళ్ళాడు. 2019లో నమోదయిన సుమారు 96 లక్షల ఓటర్లలో లెక్కకు వచ్చిన ఓట్లు 18 లక్షలు. 2020 మార్చి 9న ఒకే రోజు ఒకే నగరంలో ఇద్దరు అధ్యక్షులు ప్రమాణ స్వీకారం చేశారు. అంతకు కొద్దిరోజుల ముందే, ఫిబ్రవరి 29న దోహాలో, అమెరికా తాలిబన్లతో ఒప్పందం చేసుకుంది. ఆ బల్ల దగ్గర అఫ్ఘాన్ ప్రభుత్వానికి కుర్చీ లేదు. 80 లక్షలు 18 లక్షలకు దిగజారడానికి కారణం మతం కాదు. ఆ పదిహేనేళ్ళలో మతం మారలేదు. ఓటుకు విలువ లేదని ప్రజలకు అనుభవం మీద తెలిసివచ్చింది.

ఇక యుద్ధం. రాత్రిపూట ఇళ్ళమీద దాడులు, పెళ్ళి ఊరేగింపుల మీద బాంబులు. 2015 అక్టోబరు 3న కుందూజ్‌లో ఆసుపత్రి మీద అమెరికా విమానం జరిపిన దాడిలో 42 మంది చనిపోయారు. ఇంట్లోకి బూట్లతో వచ్చినవాడు ఏ సిద్ధాంతం తెచ్చినా ఆ ఇంటివాళ్ళకు దానిమీద విశ్వాసం కలగదు.

5. అదే మతం, వేరే రాజకీయం

ఇక్కడ ఒక ప్రశ్న వేయవచ్చు. పన్ను, నీరు, అప్పు అన్నీ సరే, మతానికి స్వతంత్రమైన బలం లేదా? వుంది. మతాన్ని కేవలం ముసుగుగా చూడడం యాంత్రికత అవుతుంది. మనిషి బాధకు అర్థం చెప్పేదీ, పదిమందిని ఒకచోట చేర్చేదీ, చావుకు సిద్ధపరచేదీ మతమే అయిన సమాజంలో దాని బలం నిజమైన బలం. కాని ఆ బలం ఎటు నడుస్తుందో ముందే నిర్ణయమై వుండదు.

సరిహద్దుకు ఇవతల అదే పఖ్తూన్ జాతి చరిత్ర చూద్దాం. అబ్దుల్ గఫార్ ఖాన్ 1921లో ఉత్మాన్‌జాయ్‌లో పాఠశాల తెరిచాడు. 1928లో పష్తో భాషలో 'పఖ్తూన్' అనే పత్రిక ప్రారంభించాడు. 1929లో ఖుదాయీ ఖిద్మత్‌గార్, అంటే దైవసేవకుల సంస్థను నిర్మించాడు. ముందు బడి, తర్వాత పత్రిక, ఆ తర్వాత సంఘం. ఊరూరా కాలినడకన తిరిగి, ఖురాను మాటలతోనే, పగను మానమనీ, బ్రిటిషువాడికి తలవంచవద్దనీ చెప్పాడు. 1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సాఖానీ బజారులో నిరాయుధులైన వాళ్ళు తుపాకులకు ఎదురు నిలిచారు. చంద్రసింగ్ గఢ్వాలీ నాయకత్వంలోని సైనికులు వాళ్ళమీద కాల్చడానికి నిరాకరించారు. నూటికి తొంభైమందికి పైగా ముస్లిములున్న ఆ రాష్ట్రంలో 1946 ఎన్నికల్లో మతం పేర ఓటడిగిన ముస్లింలీగు ఓడిపోయి, ఈ ఉద్యమం బలపరచిన కాంగ్రెసు గెలిచింది. ఆ మంత్రివర్గాన్ని ఓటర్లు దించలేదు. 1947 ఆగస్టులో కొత్త పాకిస్తాన్ ప్రభుత్వం బర్తరఫ్ చేసింది. 1948 ఆగస్టు 12న బబ్రాలో ఆ ఉద్యమకారుల మీద కాల్పులు జరిపింది. ఈ ఉద్యమానికి పరిమితులు లేకపోలేదు. నాయకుడు ఖానుల కుటుంబంలో పుట్టినవాడు, భూమి సమస్య తేలలేదు. అయితే అత్యంత మతవిశ్వాసం గల పఖ్తూన్ రైతు సంఘం కట్టగలడని, ఓటును అర్థం చేసుకోగలడని, మతతత్వాన్ని ఓడించగలడని అది రుజువు చేసింది.

ఇరాన్ మరో ఉదాహరణ. 1906లో రాజు మెడలు వంచి రాజ్యాంగం సాధించిన ఉద్యమంలో వ్యాపారులు, మేధావులతో పాటు బెహ్బహానీ, తబాతబాయీ వంటి మతాచార్యులు ముందున్నారు. అదే మతానికి చెందిన ఫజ్లుల్లా నూరీ దాన్ని వ్యతిరేకించాడు. మతం రెండు పక్షాలా వుంది. ఆ పార్లమెంటు భవనాన్ని 1908 జూన్‌లో ఫిరంగులతో కూల్చినది రష్యన్ కల్నల్ లియాఖోవ్ నడిపిన కొసాక్ దళం. 1953 ఆగస్టులో మొసాదెక్ ప్రభుత్వాన్ని కూలదోసింది బ్రిటిష్, అమెరికన్ గూఢచారి సంస్థలు. మతసమాజాల్లో ప్రజాస్వామ్యం మొలకెత్తలేదన్నమాట చరిత్రకు నిలవదు. మొలకెత్తిన చోట తొక్కివేసింది చాలాసార్లు బయటి బలమే.

6. రెండు అభ్యంతరాలు

జపాన్, జర్మనీలలో ఆక్రమణ సైన్యాల నీడలోనే ప్రజాస్వామ్యం వచ్చింది కదా అంటారు. వచ్చింది. చక్రవర్తిని దైవాంశగా కొలిచిన జపానులో అది సాధ్యమయిందంటే మతమే అడ్డుగోడ అన్న వాదం అక్కడే వీగిపోతుంది. కాని జపానులో 1890 నుంచీ శాసనసభ వుంది. 1925లో పురుషులందరికీ ఓటుహక్కు వచ్చింది. కార్మిక సంఘాలు, రైతు సంఘాలు యుద్ధానికి ముందే పోరాడాయి. జర్మనీలో 1912 నాటికే సోషల్ డెమొక్రాట్లు పార్లమెంటులో అతిపెద్ద పార్టీ. ఆక్రమణ అక్కడ ప్రజాస్వామ్యాన్ని పుట్టించలేదు, నొక్కిపెట్టిన ఫాసిజాన్ని తొలగించింది. అన్నిటికంటె ముఖ్యంగా, జపానులో కౌలు కింద వున్న భూమి సుమారు 46 శాతం నుంచి 10 శాతానికి తగ్గేట్టు భూసంస్కరణ జరిగింది. అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా భూస్వామిని ముట్టుకోలేదు. అతనికి జీతమిచ్చి గవర్నరును చేసింది.

రెండవ అభ్యంతరం ఇంకా బరువైనది. 2001 తర్వాత లక్షలాది ఆడపిల్లలు బడికి వెళ్ళారు. స్త్రీలు వైద్యులు, న్యాయమూర్తులు, విలేఖరులు అయ్యారు. ఇది కూడా తుపాకి నీడలో దక్కినదే కదా? దీన్ని చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు. ఆక్రమణను వ్యతిరేకించే ఉత్సాహంలో కొందరు తాలిబన్లను సామ్రాజ్యవాద వ్యతిరేక యోధులుగా కీర్తించారు. అది క్షమించరాని అంధత్వం. 2021 నుంచి తాలిబన్లు ఆరవ తరగతి పైన ఆడపిల్లల చదువును, 2022 డిసెంబరు నుంచి విశ్వవిద్యాలయ విద్యను నిషేధించారు. విదేశీ సైన్యాన్ని ఓడించినవాడు ప్రజలకు విముక్తి ప్రదాత కాకపోవచ్చునని ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

అయితే ఆ చదువును పుట్టించింది తుపాకి కాదని కూడా గుర్తించాలి. 1996 నుంచి 2001 వరకూ, మొదటి తాలిబన్ పాలనలోనే, ఇళ్ళలో రహస్యంగా బడులు నడిపినవాళ్ళు అఫ్ఘాన్ స్త్రీలు. 2015 మార్చిలో కాబూల్ నడిబొడ్డున, అమెరికన్ సేనలు ఉండగానే, ఖురాను కాల్చిందన్న అబద్ధపు ఆరోపణతో మూక ఫర్ఖుందాను చంపినపుడు, ఆచారాన్ని కాదని ఆమె శవపేటికను తమ భుజాల మీద మోసినవాళ్ళు అఫ్ఘాన్ స్త్రీలు. సైన్యం వెళ్ళిపోయాక, రొట్టె, పని, స్వేచ్ఛ కావాలని వీధుల్లోకి వచ్చి దెబ్బలు తిన్నవాళ్ళు కూడా వాళ్ళే. వాళ్ళలో అధికసంఖ్యాకులు విశ్వాసులే. సైన్యం ఆ వెలుగుకు కొంతకాలం గాలి తగలకుండా అడ్డు నిలిచి వుండవచ్చు. అదే సైన్యం దోహాలో ఆ స్త్రీలను అడగకుండానే బేరం కుదుర్చుకుంది. పరాయివాడి కాపలాలో వున్న హక్కును కాపలాదారు తన అవసరం కొద్దీ అమ్ముకోగలడు.

7. బలం ఎవరిది?

దీన్నిబట్టి బలప్రయోగమే తప్పని, మార్పు దానంతటదే మెల్లగా రావాలని తేల్చడం పొరపాటు. ఏ పాలకవర్గమూ ఊరికే అధికారం వదలలేదు. ప్రశ్న బలం వుండాలా వద్దా అనేది కాదు, అది ఎవరిది అనేది. పీడితులు తమ అనుభవంలోంచి కట్టుకున్న సంఘానికి, ఆ సంఘాన్ని కాపాడుకోవడానికి వాడే బలానికి ఒక అర్థం వుంది. సంఘం లేనిచోట రాజు, పార్టీ, విదేశీసైన్యం ప్రజల బదులుగా వాడే బలానికి వేరే అర్థం వుంది. అమానుల్లా, తరకీ, బుష్ ఒకే తూకం మనుషులు కారు. మొదటివాడు దేశభక్తుడు, రెండవవాడు తన దేశపు పేదలకు మేలు కోరినవాడు, మూడవవాడు సామ్రాజ్యవాది. ఉద్దేశాలు వేరైనా ముగ్గురూ ప్రజలను దాటి వెళ్ళారు. మూడుసార్లూ గ్రామాన్ని భూస్వామికి, ముల్లాకు అప్పగించారు.

రచయితలకు ఇందులో పని వుంది. మన ప్రజానాట్యమండలి బుర్రకథను ఎక్కడినుంచి తెచ్చుకుంది? దేవుడి కథలు చెప్పే జంగాల నుంచి. వినేవాళ్ళు ఆ వారం గుడికి వెళ్ళి వచ్చినవాళ్ళే. వాళ్ళ నమ్మకాన్ని వెక్కిరించకుండా, వాళ్ళకు తెలిసిన రాగంలో వెట్టి గురించి, భూమి గురించి చెప్పారు. తెలంగాణ గ్రామాల్లో దేవుడికి మొక్కే రైతే సంఘంలో చేరి దొర గడీ ముందు నిలబడ్డాడు. మతాన్ని విమర్శించడం మానమని దీని అర్థం కాదు. ఫర్ఖుందాను చంపిన మూక గురించి మౌనం వహించేవాడు రచయిత కాడు. విమర్శ ఎక్కడ నిలబడి చేస్తున్నామన్నదే ముఖ్యం. విశ్వాసి పొలంలో, అతని అప్పుల పుస్తకం చూసి, అతని భాషలో మాట్లాడే విమర్శ అతనికి చేరుతుంది. రాజధాని నుంచి కాగితంగానో, విమానంగానో దిగేది చేరదు.

పల్లె జనాన్ని మూఢులుగా చిత్రించే కథ రాయబోయేముందు, ఆ మనిషికి విత్తనం ఎవరిస్తున్నారు, నీటి తూము ఎవరి చేతిలో వుంది, కూతురి పెళ్ళికి ఎవరి దగ్గర అప్పు తెచ్చాడు అన్న మూడు విషయాలు తెలుసుకోవడం మన బాధ్యత. కాబూల్‌లో అధికారానికి వచ్చిన కథారచయితకు, అతని పార్టీకి ఈ సంగతులు తెలియకనా? తెలుసు. కాని డిక్రీ రాసేటపుడు వాటిని పక్కన పెట్టారు. దాని మూల్యం ఇపుడు బడి బయట నిలబడిన ఆడపిల్లలు చెల్లిస్తున్నారు.